ఎక్కడ భయమేసింది?

(పెంటపాడులో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం)



స్మారకోపన్యాసం అంటే నన్నయ దగ్గర మొదలవుతుందనో, కనీసం గురజాడ దగ్గర మొదలవుతుందనో అనుకుని వచ్చినవాళ్ళు నన్ను మన్నించాలి. నేను మాట్లాడబోయేది ఒక చేతబడి సినిమా గురించి. పోనీ అదేమన్నా కళాఖండమా అంటే, అదీ కాదు. 1986లో వచ్చిన ‘కాష్మోరా’. యండమూరి వీరేంద్రనాథ్ గారు ‘తులసిదళం’ తర్వాత దానికి కొనసాగింపుగా ‘తులసి’ అని ఇంకో నవల రాశారు. ఆ నవల ఆధారంగా ఎన్.బి. చక్రవర్తి గారు తీసిన సినిమా అది. దాని బాగోగులు తేల్చడం నా పని కాదు. దాన్ని చూసి ఈ చుట్టుపక్కల జనం ఏమన్నారో, ఎందుకలా అన్నారో, అంతే నా విషయం. వేదికనెక్కే ముందు ఒక పెద్దాయన “సాహిత్యం మాట్లాడతారనుకున్నానండీ” అన్నారు. ఇది సాహిత్యమేనండీ. పాఠకుడు ప్రేక్షకుడయ్యేటప్పుడు వాడికి ఏమవుతుందన్నది సాహిత్యం కాకపోతే మరేమిటి?

ఈ స్మారకోపన్యాసం ఎవరి పేరున జరుగుతోందో ఆ మాస్టారికి ఈ విషయం నచ్చేది. బడి అయ్యాక సాయంత్రాలు ఆయన నడిపిన అద్దె పుస్తకాల కొట్టు మీలో నలభై దాటినవాళ్ళందరికీ తెలుసు. ఆ కొట్టుకి బోర్డు ఉండేది కాదు. ‘మాస్టారి కొట్టు’ అంటే చాలు. వారపత్రికలు తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు దిగి, అక్కణ్ణుంచి సైకిలు మీదనో బస్సు టాపు మీదనో ఇక్కడికి చేరేవి. ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్న రోజుల్లో, అంటే 1980ల మొదట్లో, పత్రిక వచ్చే రోజున ఆ కొట్టు ముందు రేషను షాపు ముందు నిలబడ్డట్టే నిలబడేవారు. ఆ పత్రికకి సంపాదకులు సికరాజు గారు, అంటే సి. కనకాంబరరాజు గారు. పత్రికను నిలబెట్టిన సీరియల్ అదేనని అప్పట్లో పత్రికలవాళ్ళే చెప్పుకునేవారు. ఇక్కడ మాకు సర్క్యులేషన్ లెక్కలు తెలీవు. మాకు తెలిసిందల్లా మాస్టారి దగ్గర రెండు కాపీలుంటే చాలేవి కావని, మూడోది తెప్పిస్తే అదీ చాలలేదని.

ఆ నవలలో ఉన్నది చాలా మామూలు ఇల్లు. శ్రీధర్, శారద, వాళ్ళ పాప తులసి. ఆ పాప మీద ఎక్కడో దూరాన అడవుల అవతల కాద్రా అనే మంత్రగాడు చేతబడి చేస్తాడు. పాపకి జబ్బు చేస్తుంది. డాక్టర్లు వస్తారు, హిప్నాటిజం తెలిసినవాళ్ళు వస్తారు, మంత్రం తెలిసినవాళ్ళూ వస్తారు. ఎవరి వైద్యం వాళ్ళు చేస్తారు. కథలో ఉన్న గడుసుతనమంతా ఇక్కడే ఉంది. పాపకి వచ్చింది జబ్బా, చేతబడా? నయం చేసింది మందా, మంత్రమా? సైన్సువాడు చదివితే సైన్సే గెలిచినట్టుంటుంది, తాయెత్తు కట్టుకున్నవాడు చదివితే తాయెత్తే గెలిచినట్టుంటుంది. రచయిత త్రాసు పట్టుకుని నిలబడ్డాడు గాని ఏ పళ్ళెం కిందికి దిగిందో చెప్పలేదు.

అందుకే ఆ సీరియల్ చదివిన ఊరు రెండుగా చీలిపోయింది. కాలవ గట్టు మీద, టీ కొట్టు దగ్గర, రైసు మిల్లు అరుగు మీద నడిచిన వాదన ‘సీరియల్ బాగుందా’ అని కాదు. ‘ఇది నిజంగా ఉంటుందా’ అని. కాంపౌండరు ఒకాయన జ్వరం వచ్చిన పిల్లల తల్లులకి సర్దిచెప్పలేక చచ్చేవాడు. “నాకు తెలిసిన మందే ఇచ్చానమ్మా, కాద్రా మందు నా దగ్గర లేదు” అని విసుక్కునేవాడు. కొల్లేటి లంకల వైపు నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్ళు మెట్ట ఊళ్ళలో చిల్లంగి, అంటే చేతబడి, ఎక్కువంటారు. మెట్టవాళ్ళని అడిగితే లంకల్లోనే ఎక్కువంటారు. అందరూ కలిసి ఒరిస్సా వైపో మలయాళం వైపో చెయ్యి చూపిస్తారు. చేతబడి ఎప్పుడూ పక్క ఊరి పొలిమేర అవతలే ఉంటుంది. యండమూరి గారు కాద్రాని అడవుల అవతల కూర్చోబెట్టింది ఆ కిటుకు బాగా తెలిసే. మన వీధి చివరే మంత్రగాడుంటే మనకి వాడి అప్పులు, వాడి పెళ్ళాంతో పోట్లాటలు కూడా తెలిసిపోతాయి కదా, ఇంక భయమెక్కడిది?

ఇంకో సంగతి. వారానికి ఒక భాగం. ఆ వారం ఉందే, అది పత్రిక ఇచ్చిన వారం కాదు, పాఠకుడు తన సొంత సరుకు వేసి నింపుకున్న వారం. ఆంధ్రభూమిలో ఉన్నది నాలుగైదు పేజీలే. మిగతా ఆరున్నర రోజులు కథని నడిపింది మనమే. రాత్రి పాప ఏడిస్తే, పెరట్లో నిమ్మకాయ ఎండిపోయి కనపడితే, పిల్లి పెంకుల మీద నడిస్తే, అవన్నీ ఆ సీరియల్లోకి వచ్చి చేరేవి. మాస్టారి దగ్గర సీరియల్ పేజీలు చించి కుట్టిన బైండు ఒకటుండేది. అద్దెకి తీసుకెళ్ళినవాళ్ళు దాని అంచుల్లో పెన్సిలుతో రాసేసేవారు. ‘రాత్రి చదవొద్దు.’ ‘ఇక్కడ ఆపండి.’ ‘మా చిన్నాడికి ఇలాగే వచ్చింది.’ ఒకచోట ఎవరో ఆడమనిషి చేతిరాతలో ‘దేవుడా’ అని ఒక్కటే మాట. పుస్తకాల మీద రాతలు రాస్తే మాస్టారికి ఒళ్ళు మండేది. కాని ఈ బైండు మీద ఏదన్నా రాస్తే మాత్రం చెరిపేవారు కాదు.

‘తులసి’ వచ్చేసరికి ఈ జనమంతా సిద్ధంగా కూర్చుని ఉన్నారు. రెండో నవలలో పాప పెరిగి పెద్దదైంది. పాత పగ కొత్తగా లేచింది. కాష్మోరా అన్న క్షుద్రశక్తి పేరు దాంతోపాటే ఊళ్ళోకి వచ్చింది. బారెడు పొద్దెక్కినా లేవని మొగపిల్లల్ని తల్లులు ‘కాష్మోరా’ అని తిట్టడం అప్పుడు మొదలైందే. తర్వాత 2016లో కార్తి నటించిన ఓ తమిళ సినిమా తెలుగులోకి వస్తూ అదే పేరు పెట్టుకుని వచ్చింది, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

సినిమా సంగతికి వద్దాం. రాజేంద్రప్రసాద్, రాజశేఖర్, శరత్‌బాబు, తులసిగా భానుప్రియ. అంతకుముందు రెండేళ్ళకే ‘సితార’లో ఆమె కళ్ళు చూసిన జనం ఈమెకి ఏదైనా పూనితే చూడాలని ఉబలాటపడ్డారు. తప్పు పట్టను, నేనూ వాళ్ళలో ఒకణ్ణి. కన్నడంలో 1985లోనే ‘తులసిదళ’ అని మొదటి భాగాన్ని తీశారు, అందులోనూ శరత్‌బాబే. కాని ఈ ప్రాంతంలో మాలాంటివాళ్ళు తెర మీద ముందు చూసింది రెండో భాగాన్నే. ఈ ముక్క కాస్త గుర్తుపెట్టుకోండి, దీని మీదే నా వాదనంతా నిలబడి ఉంది. సినిమాకి రెండో భాగం అంటే మొదటి భాగం తెర మీద చూసినవాళ్ళు వస్తారు. ‘కాష్మోరా’కి వచ్చినవాళ్ళు మొదటి భాగాన్ని ఎక్కడ చూశారు? తమ పెరట్లో చూశారు. తమ మంచం మీద, దుప్పటి ముసుగులో, లాంతరు వెలుగులో చూశారు. డైరెక్టరూ కెమెరామేనూ వాళ్ళే. కాద్రా ముఖం ఎవరికి వారే గీసుకున్నారు. ఆ కొట్టు దగ్గర నిలబడ్డ వందమంది బుర్రల్లో వందమంది కాద్రాలున్నారు. అలాంటివాళ్ళ ముందు ఎవరు ఏ మేకప్ వేసుకుని వచ్చినా ఏమవుతుంది?

అప్పటికి మన నేల టిక్కెట్టు జనానికి దెయ్యం అంటే ఏమిటో కూడా చెప్పాలి. విఠలాచార్య గారు మన దెయ్యాల్ని ఇంటి మనుషుల్ని చేసేశారు. 1978లో ‘జగన్మోహిని’. కట్టెలు లేకపోతే కాళ్ళు పొయ్యిలో పెట్టి వంట చేసే దెయ్యం గుర్తుందా? ఆ సీను చూసి హడలిపోయినవాళ్ళని నేను చూడలేదు, ఈలలు వేసినవాళ్ళనే చూశాను. మన థియేటర్లో దెయ్యం ఒక పాట లాంటిది, ఒక ఫైటు లాంటిది. వస్తుంది, వేడుక చేస్తుంది, పోతుంది. అలాంటి హాల్లోకి ఆంధ్రభూమి భయాన్ని తీసుకెళ్ళి కూర్చోబెట్టాలనుకోవడం సాహసమే.

ఇప్పుడు మాస్టారి పద్ధతి చెబుతాను. సినిమా చూసొచ్చిన ఎవరినీ ఆయన ‘ఎలా ఉంది’ అని అడిగేవారు కాదు. “ఎలా ఉందంటే బావుందంటారు, లేకపోతే బావులేదంటారు. దాంతో నాకేం తెలుస్తుందిరా?” అనేవారు. ఆయన అడిగేది ఒకటే ప్రశ్న. “ఎక్కడ భయమేసింది?” అంతే. గూడెంలో రేలంగి వెంకట్రామయ్య గారు కట్టించిన హాలు దగ్గర్నుంచి చుట్టుపక్కల టూరింగు టాకీసుల దాకా ఎక్కడ ఏ భయం సినిమా ఆడినా, చూసొచ్చినవాళ్ళని ఆ కొట్టు ముందు ఆపి అదే ప్రశ్న. ‘కాష్మోరా’కి వచ్చిన జవాబులు నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నాయి. నాలాంటి కుర్రాళ్ళం ఆ బల్ల చివర కూర్చుని కిసుక్కుమంటూ వినేవాళ్ళం.

మిల్లులో పనిచేసే ఆయన చెప్పిన జవాబు, “కరెంటు పోయినప్పుడండి” అని. బొమ్మ మధ్యలో ఆగిపోయిందట. చీకటి. జనరేటరు వెయ్యడానికి కాసేపు పట్టింది. ఆ కాసేపట్లో హాల్లో ఒక్కడూ అరవలేదట. కరెంటు పోతే ఈలలు వేసి కుర్చీలు విరగ్గొట్టే హాలు అది. “అప్పుడే కాష్మోరా వచ్చిందనిపించిందండి. లైట్లొచ్చాక మళ్ళీ మామూలే.”

ఒక పెద్దావిడ చెప్పింది ఇంకా బాగుంటుంది. పిల్లకి జ్వరమొచ్చి డాక్టరు ఏమీ తెలీదన్నప్పుడు భయమేసిందంది. మాస్టారు కళ్ళజోడు తీసి చూశారు. “అది సినిమాలోది కాదమ్మా, మొదటి సీరియల్లోది. నేనడుగుతోంది సినిమా గురించి.” ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, “సినిమాలో అది లేదు గదండీ మరి. అందుకే చెబుతున్నా” అంది. నేను ఆ తర్వాత చాలా సినిమా సమీక్షలు చదివాను, కొన్ని రాశాను కూడా. ఒక సీక్వెల్ గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు. ఆవిడకి భయం వేసింది తెర మీద ఉన్నదాన్ని చూసి కాదు, లేనిదాన్ని తలుచుకుని.

కాలేజీ కుర్రాళ్ళు మాత్రం లెక్కలు తీశారు. నవలలో ఇది ఉంది, సినిమాలో లేదు. నవలలో వీడు ఇలా చస్తాడు, సినిమాలో ఇంకోలా చచ్చాడు. పాటలెందుకు పెట్టారు? రాజేంద్రప్రసాద్ కనపడగానే నవ్వొచ్చింది. ఇవన్నీ న్యాయమైన మాటలే గాని వీటిల్లో భయం అన్న మాట ఒక్కటీ లేదు. మాస్టారు వాళ్ళని పెద్దగా పట్టించుకోలేదు. “మీరు పరీక్ష పేపర్లు దిద్దుతున్నారు, సినిమా చూళ్ళేదు” అన్నారు. అక్కడ కూర్చున్న నాకు ఆ మాట సూటిగా తగిలింది. కాని ఆ కుర్రాళ్ళ వైపు కూడా ఒక మాట అనాలి. ఇష్టపడి చదివిన పుస్తకాన్ని ఎవరో ముట్టుకుంటే లెక్క తియ్యకుండా ఎవరూరుకుంటారు?

అయితే ఒక చిక్కు ప్రశ్న ఉంది. యండమూరి గారి నవలలు సినిమాలవడం కొత్త కాదు. ‘అభిలాష’ 1983లో వచ్చింది, ‘ఛాలెంజ్’ 1984లో వచ్చింది. రెండూ కోదండరామిరెడ్డి గారు తీశారు, రెండింటిలోనూ చిరంజీవే. నవల చదివినవాళ్ళు కూడా హాయిగా చూసి ఇళయరాజా పాటలు పాడుకుంటూ ఇంటికెళ్ళారు. ‘నవల అలా లేదే’ అని ఎవరూ గుండెలు బాదుకోలేదు. భయం కథకే ఎందుకీ తంటా?

నాకు తోచింది ఇది. ‘అభిలాష’లో ఉరిశిక్ష మీద ఒక వాదన ఉంది, ఒక పన్నాగం ఉంది. అది పుస్తకంలో ఉన్నా తెర మీద ఉన్నా అదే వాదన, అదే పన్నాగం. ‘ఛాలెంజ్’లో పందెం, డబ్బు. అది అంకె. అంకెకి ముఖం మారదు. భయం అలాంటిది కాదు. కాద్రా ఎక్కడున్నాడో తెలీనంత కాలమే కాద్రా. మొదటి నవల ఆ తెలీనితనం మీదే బతికింది. రెండో నవల కాష్మోరాకి పేరు పెట్టింది. సినిమా దాన్ని తెర మీద నిలబెట్టింది. పేరు పెట్టగానే సగం, చూపించగానే మిగతా సగం కరిగిపోయింది. కొనసాగింపు రాయాలంటే రచయిత త్రాసు కింద పెట్టక తప్పలేదు. ఏ పళ్ళెం దిగిందో ఇక చెప్పాలి. చెప్పేశాక వాదన ఆగిపోతుంది. ‘తులసిదళం’ రోజుల్లో ‘ఇది నిజంగా ఉంటుందా’ అని కొట్టుకున్న ఊరు, ‘కాష్మోరా’ తర్వాత ‘బాగుందా, బాగులేదా’ అని మాట్లాడుకుంది. నా దృష్టిలో జరిగిన మార్పంతా ఇదే. ప్రేక్షకులు సినిమా బాగులేదని అన్నప్పుడు వాళ్ళకి నిజంగా పోయింది సినిమా కాదు, ఆ వాదన.

ఈ గొడవ మనది ఒక్కరిదే కాదు లెండి. అమెరికాలో విలియం పీటర్ బ్లాటీ 1971లో ‘ది ఎక్సార్సిస్ట్’ రాశాడు. 1973లో సినిమా వచ్చింది. హాళ్ళలో జనం మూర్ఛపోయారని పత్రికలు రాశాయి. 1977లో జాన్ బూర్మన్ దానికి రెండో భాగం తీస్తే జనం నవ్వారు. విడుదలైన సినిమాని ఆ దర్శకుడు మళ్ళీ కత్తిరించి అతికించాల్సి వచ్చింది. అప్పుడు బ్లాటీ తనే రంగంలోకి దిగాడు. 1983లో ‘లీజియన్’ అని కొనసాగింపు నవల రాసి, 1990లో దాన్ని తనే మూడో భాగంగా తీశాడు. రచయిత తన నవలని తనే తీసుకుంటే ఇంక అడ్డేముంటుంది? స్టూడియో అడ్డుపడింది. పేరులో దెయ్యం వదిలించేవాడున్నాడు కాబట్టి దెయ్యం వదిలించే సీను ఉండి తీరాలని పట్టుబట్టి చివర్లో పెట్టించింది. జనం డబ్బిచ్చేది చూపించినందుకే అని వ్యాపారికి ఎప్పుడూ అనుమానం.

స్టీఫెన్ కింగ్ కథ మనకి ఇంకా దగ్గర. ఆయన 1977 నవల ‘ది షైనింగ్’లో ఆఖరికి ఆ హోటలు కాలిపోతుంది. 1980లో కూబ్రిక్ తీసిన సినిమాలో హోటలు చెక్కు చెదరకుండా నిలబడి ఉంటుంది. ఆ సినిమా అంటే కింగ్‌కి గిట్టలేదు. 2013లో ఆయన ‘డాక్టర్ స్లీప్’ అని కొనసాగింపు రాశాడు, తన నవలకి కొనసాగింపుగా, కాలిపోయిన హోటలు బూడిద మీద. 2019లో మైక్ ఫ్లానగన్ దాన్ని సినిమా తియ్యబోతే ప్రేక్షకులు రెండు జాతులు. పుస్తకం చదివినవాళ్ళకి హోటలు లేదు, సినిమా చూసినవాళ్ళకి ఉంది. పాపం, ఆ దర్శకుడు ఇద్దరికీ సర్దిచెప్పాలని సినిమాలో హోటలుని నిలబెట్టి, తర్వాత తగలబెట్టాడు. రెండు వర్గాలకీ పెళ్ళి భోజనం పెట్టాలనుకున్నాడు. బాగానే పెట్టాడని నా అభిప్రాయం. వసూళ్ళు మాత్రం ఆశించినంత రాలేదు. మన ‘కాష్మోరా’కి ఆ ఇబ్బంది లేదు, దాని ముందు ఉన్నది ఒకటే జాతి. చదివి వచ్చినవాళ్ళు.

మనవాళ్ళలో ఈ కథని మళ్ళీ ఎత్తుకున్నవాడు రామ్‌గోపాల్ వర్మ. ఆయనకి భయం తెలుసు. 1992 నాటి ‘రాత్రి’ చూసినవాళ్ళకి ఆ సంగతి చెప్పక్కర్లేదు. అందులో చాలాసేపు దెయ్యం కనిపించదు. మామూలు ఇల్లు, మామూలు మెట్లు, కెమెరా మెల్లగా కదులుతుంది, అంతే. 2008లో హిందీలో ‘ఫూంక్’ తీశారు. దేవుణ్ణి నమ్మని తండ్రి, చేతబడికి గురైన పాప. ‘తులసిదళం’ ఛాయలు మనవాళ్ళు మొదటి ఆటలోనే గుర్తుపట్టారు. అదే కథని ఆ ఏడాదే తెలుగులో జగపతిబాబు, కల్యాణిలతో ‘రక్ష’గా తీశారు. హాల్లో ఒంటరిగా కూర్చుని ‘ఫూంక్’ మొత్తం చూడగలిగినవాడికి 5 లక్షలు ఇస్తామని వర్మ ప్రకటించారు. ఆ పందెం గురించి విన్నప్పుడు మాస్టారు పడీ పడీ నవ్వారు. “ఒంటరిగా చూడ్డం గొప్పేంటిరా? ఒంటరిగా ఇంటికి నడిచి రావడం కదా గొప్ప!” అన్నారు. సెకండ్ షో చూసి గూడెం నుంచి పెంటపాడు దాకా కాలవ గట్టు మీద సైకిలు తొక్కినవాడి అభిప్రాయమది. 2010లో ‘ఫూంక్ 2’ వచ్చింది, మొదటిదానికి రచయితగా పనిచేసిన మిలింద్ గడాగ్కర్ దర్శకుడు. దాని గురించి నాకు చెప్పడానికేమీ లేదు. మొదటిది చూసి తలుపు గడియ రెండుసార్లు చూసుకున్నవాళ్ళు రెండోది చూసి హాయిగా పడుకున్నారు.

ఇప్పటిదాకా భయాన్ని ఒక రుచిలాగా మాట్లాడాను. దాన్ని రుచిలాగా చూడడానికి ఒప్పుకోనివాళ్ళ మాట కూడా వినాలి. ‘తులసిదళం’ ఊరంతా చదువుతున్న రోజుల్లోనే రంగనాయకమ్మ గారు ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అని విరుచుకుపడ్డారు. రచయితనే కాదు, ముందుమాట రాసిన డాక్టరు రచయితనీ వదల్లేదు. డాక్టరై ఉండి ఇలాంటిదాన్ని ఎలా మెచ్చుకుంటారు అన్నది ఆవిడ నిలదీత. ఆ గొడవ పరువునష్టం కేసై కోర్టుకెక్కింది. యండమూరి గారేమో ఆ తర్వాత వ్యక్తిత్వ వికాసం వైపు వెళ్ళి ‘విజయానికి ఐదు మెట్లు’ రాశారు. కాద్రా గురించి రాసిన కలమే ఆత్మవిశ్వాసం గురించి రాసింది. దీన్ని ఎవరెలా అనుకున్నా నాకు మాత్రం ముచ్చటగానే ఉంటుంది.

రంగనాయకమ్మ గారిది అతి అని అప్పట్లో మేమంతా అనుకున్నాం. చాలామంది ఇప్పటికీ అంటారు. నేను అనను. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనకి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. మెదక్ వైపు బాణామతి అన్నా, మన గోదావరి వైపు చిల్లంగి అన్నా, నిందపడేది ఎప్పుడూ ఒంటరి ముసలమ్మ మీద, మొగుడు పోయినావిడ మీద, ఏ అండా లేని కూలివాడి మీద. విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి చూపించి ఇందులో మహిమ లేదర్రా అని చెప్పాల్సిన అవసరం అందుకే వచ్చింది. మహారాష్ట్రలో నరేంద్ర దభోల్కర్ ఈ మాటే చెప్పి 2013లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆయన పోయాకే అక్కడ చట్టం వచ్చింది. ఇవి సినిమా కబుర్ల మధ్య చెప్పుకునే విషయాలు కావు. కాని సినిమా కబుర్లు చెప్పుకునేవాళ్ళు మర్చిపోకూడని విషయాలు.

ఇక్కడ నా తీర్పు చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు. మొదటి నవలని నేను అంతగా తప్పు పట్టను. అది వాదన పెట్టింది. కాంపౌండరు చేతికి కూడా ఒక మాట అందించింది. రెండో భాగం, దాని సినిమా, ఆ మాట లాగేసుకున్నాయి. చేతబడి ఉందా అన్న ప్రశ్నకి ‘ఉంది, ఇదిగో, చూడు’ అని జవాబిచ్చాయి. విచిత్రమేమిటంటే సరిగ్గా అందుకే జనం వాటికి భయపడలేదు. ఆ సినిమా చూసి చిల్లంగి నమ్మడం మొదలుపెట్టినవాడు నాకు ఒక్కడూ తెలీదు. సీరియల్ చదివి అనుమానంలో పడ్డవాళ్ళు బోలెడుమంది తెలుసు. రంగనాయకమ్మ గారి కోపం సరైనదే, తగలాల్సిన చోటు గురించే నా పేచీ. నిక్కచ్చిగా అబద్ధం చెప్పే కథ కన్నా, రెండు వైపులా తలూపే కథే ఎక్కువ ప్రమాదం. దాన్నే మనం గొప్ప కథ అంటాం కూడా. ఈ ముడి విప్పడం నాకు చేతకాదు.

ఇప్పటి సంగతి రెండు ముక్కల్లో. ‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా ఓటీటీలో వచ్చింది. దాని రెండో భాగం 2023 నవంబరులో హాళ్ళకొచ్చింది. దానికి నవలేమీ లేదు, చేతబడి మాత్రం ఉంది. అక్కడ ఏం జరిగిందో చూడండి. మొదటి భాగాన్ని జనం ఇంట్లో, ఫోనులో, ఒంటరిగా, దుప్పటి ముసుగులో చూశారు. అచ్చం మేము సీరియల్ చదివినట్టే. రెండో భాగానికి హాల్లో గుంపుగా కూర్చున్నారు. అయితే వీళ్ళ బుర్రల్లో ఉన్నది తామే గీసుకున్న ముఖాలు కావు, ఒకసారి చూసేసిన ముఖాలే. అందుకే వీళ్ళకి నిరాశ తక్కువ. మలుపుల గురించి మాట్లాడుకున్నారు, మూడో భాగం ఎప్పుడని అడిగారు. మొదటాట అవకముందే చుక్కలు లెక్కపెట్టి మార్కులేసేవాళ్ళు ఇప్పుడు ఊరికి పదిమంది. రెండున్నర, రెండు ముప్పావు. ఆ ముప్పావు ఎలా వస్తుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు. ఆ మార్కుల కింద రాసేవాళ్ళలో ఒక్కడైనా ఎక్కడ భయమేసిందో రాస్తాడేమోనని వెతుకుతుంటాను. స్క్రీన్‌ప్లే గురించి రాస్తారు, గ్రాఫిక్స్ గురించి రాస్తారు, బీజీఎం గురించి రాస్తారు. ఇంటికెళ్ళాక పెరటి తలుపు వేసుందో లేదో చూసుకున్నానని ఎవడూ రాయడు. సిగ్గేమో.

చివరగా ఒక విన్నపం. ఈ సభలో సినిమా వైపు ప్రయత్నాలు చేస్తున్న కుర్రాళ్ళు కొందరున్నారని కార్యదర్శి గారు చెప్పారు. ‘తులసిదళం’ని మళ్ళీ తియ్యాలని ఎవరో ఒకరు ఎప్పుడో అనుకుంటారు, అది ఖాయం. అనుకున్నప్పుడు సినిమాగా తియ్యకండి, సిరీస్‌గా తియ్యండి. తీసినా ఒక్క రాత్రే మొత్తం వదిలెయ్యకండి. వారానికి ఒక్కటి వదలండి. వారం అన్నది మీ చేతుల్లో మళ్ళీ పడింది, దాన్ని పారేసుకోవద్దు. రెండో భాగం గురించి అప్పుడే ఆలోచించొద్దు. డాక్టరుకి మంచి డైలాగులు రాయండి, మంత్రగాడికన్నా మంచివి. ఆ కాద్రాని మాత్రం, నిర్మాత ఎంత గోల పెట్టినా సరే, మొదటి ఆరు వారాలు చూపించకండి. ఏడో వారం కూడా చూపించాలా వద్దా అన్నది అప్పుడు మన ఊరివాళ్ళని అడిగి తేల్చుకోండి.